అగ్గిపుల్లంత సందు

పాత చేపల తొట్టి ఫ్రేము ఇరిగిందని దుకాణానికి పోతే ముందుగాల ఒకటే మాట చెప్తరు: "పారెయ్యమ్మా, కొత్తది కొనుక్కో." మనం కొనేటట్టు లేమని తెల్సినంక రెండో మాట వస్తది: "సరే తియ్, ఇంత సిలికాన్ గమ్ము పూసిస్త, నడుస్తది." నా బతుకంత ఈ రెండు మాటలతోని కొట్లాడుడే అయింది. మొదటిదీ ఒప్పుకోలె, రెండోదీ ఒప్పుకోలె. మంచిగున్న అద్దాన్ని ఒక ప్లాస్టిక్ పట్టీ ఇరిగిందని చెత్తల పారేసుడు పాపం. ఇరిగిన పట్టీకి రంగేసి ఇంకోని ఇంట్ల పెట్టుడు అంతకంటే పెద్ద పాపం.

ఇప్పుడు నేను పని బంద్ చేసిన. వేళ్ళ కణుపులు వంగుతలేవు, బ్లేడు పట్టుకుంటే జారుతున్నది. చేతికి పట్టు లేనోళ్ళు గాజు ముట్టొద్దని నేనే అందరికీ చెప్పినదాన్ని, ఆ మాట నాకూ వర్తిస్తది. అయినా చిక్కడపల్లిల మా గల్లీకి పిల్లలు వస్తనే ఉంటరు. ఫోన్ల వీడియో చూపెట్టి, "అమ్మా, ఇట్ల చేస్తే సరేనా?" అని అడుగుతరు. సగం సరే ఉంటది, సగం చూస్తే నాకు గుండె దడ. వాళ్ళ కోసమే రాస్తున్న. నేను నాలుగో తరగతి దాటలె. అక్షరం వంకర పోతది కావచ్చు, మాట మాత్రం పోదు.

వాకిట్ల నేర్చిన గీత

మా అమ్మ నాయిన పాలమూరు దిక్కు నుంచి పట్నానికి ఇటుకలు మోయనీకి వచ్చినోళ్ళు. అశోక్‌నగర్‌ల పాత పెంకుటిండ్లు కూలగొట్టి బిల్డింగులు లేపుతుంటే, ఆ ఇసుక కుప్పల మీదనే నేను పెరిగిన. మా నాయిన మేస్త్రి కింద పనిచేస్తుండె. గోడ లేపే ముందు ఈ కొసకు ఆ కొసకు దారం లాగి కట్టుడు ఆయన పని. "దారం అబద్ధం చెప్పదు బిడ్డా, మేస్త్రి చెప్తడు" అంటుండె. మేస్త్రి వినకుండ అంటుండె అనుకోండి.

పెండ్లి అయినంక చిక్కడపల్లిల కిరాయికి దిగినం. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతుండె. నేను నారాయణగూడల దామోదర్ సేటు చేపల దుకాణంల ఊడ్సుటానికి కుదిరిన. ఊడ్సుడు, తొట్లు కడుగుడు, చచ్చిన చేపలను గిరాకీ చూడకముందే తీసేసుడు, ఇదీ నా కొలువు. అక్కడ అద్దాలు అతికించే కారీగర్ ఒకాయన ఉండె. పండుగకని ఊరికి పోయి మళ్ళ రాలె. ఒక గిరాకీ తొట్టి కోసం వచ్చి నెత్తి మీద కూసున్నడు. సేటు పరేషాన్ అయి నా చేతికి సిలికాన్ ట్యూబు ఇచ్చి, "జర ఈ మూలకు గీత గియ్యి యాదమ్మా, చేయి వణకకుండ" అన్నడు.

గీసిన. మూల నుంచి మూల దాక ఎక్కడా తెగలె, ఎక్కడా ఉబ్బలె.

"ఎక్కడ నేర్చినవే?"

"వాకిట్ల. పొద్దుగాల ముగ్గు ఎవరేస్తరు సేటు, మీరేస్తరా?"

గట్ల నా పని మారింది. వచ్చినోళ్ళు కొందరు ముక్కు ఇరిచిండ్రు. "ఆడామెతోని అద్దం పని చేపిస్తున్నవా సేటు?" అని ఒకాయన నా ముందట్నే అన్నడు. నేను తలెత్తలె. "అన్నా, మీ ఇంట్ల గ్లాసు పగిల్తే ముక్కలు ఎవరు ఎత్తుతరు? గందుకే గాజు సంగతి మాకే ఎక్కువ ఎరుక" అన్న. ఆయన మళ్ళ ఎన్నోసార్లు వచ్చిండు, ఆ మాట మాత్రం మళ్ళ ఎత్తలె.

సేటు చెడ్డోడు అని రాయలేను. నాకు జరమొస్తే గోలీలు ఇంటికి పంపినోడు. చేపలకు దాణా వెయ్యనిది తను చాయ్ తాగకపోతుండె. కానీ ఆయనకు ఒక రోగం ఉండె: గిరాకీ ఎదురుంగ నిలబడితే "కాదు" అన్న మాట నోట్లకెల్లి రాదు. "అయితదా సేటు?" అంటే "అయితది". "రేపటికి?" అంటే "రేపటికే". ఆ మాట నిలబెట్టే బరువు మాత్రం ఎప్పుడూ నా చేతుల మీద పడుతుండె.

తొట్టికి కడుపొస్తది

ఫ్రేము అంటే సోకు కోసం పెట్టిన నల్ల అంచు అనుకుంటరు చానామంది. కాదు. నీళ్ళు ఊకె కూసోవు, నలుదిక్కులా నూకుతయి. పొడుగు తొట్టి అయితే ముందటి అద్దం, ఎనకటి అద్దం నడుమల బయటికి ఉబ్బుతయి. మేము "అద్దానికి కడుపొచ్చింది" అంటం. ఆ కడుపు రాకుండ పట్టుకునేదే పైన అడ్డంగ ఉండే పట్టీ. బరువు మోసేటోడు నడుముకు రుమాలు బిగిస్తడు చూడండి, గట్ల. అది ఇరిగితే తొట్టి ఆ రోజే పగలదు. పగిలితే మంచిగుంటుండె, అందరికీ భయముంటుండె. అది వారం నడుస్తది, నెల నడుస్తది, ఒక్కోసారి ఏండ్లు నడుస్తది. అందుకే "నడుస్తది" అనేటోళ్ళకు ఈ ఊర్ల కరువు లేదు.

కడుపు ఎంతొచ్చిందో కంటికి కనపడది. నేను మా నాయిన దారం తెచ్చిన. ఖాళీ తొట్టి ముందటి అద్దానికి, పై అంచు దగ్గర, ఈ కొసకు ఒక అగ్గిపుల్ల ముక్క, ఆ కొసకు ఒక అగ్గిపుల్ల ముక్క టేపుతోని అతికించాలె. వాటి మీదికెల్లి దారం గట్టిగ లాగి కట్టాలె. అప్పుడు దారానికి అద్దానికి నడుమ అగ్గిపుల్లంత సందు ఉంటది. ఇగ నీళ్ళు మెల్లగ పోసుకుంట నడుమల చూడాలె. సందు జర సన్నబడుతది, అది మామూలే. దారం అద్దానికి ఆనిందా, బంద్. పైపు తియ్యాలె, నీళ్ళు దించాలె. ఎవరు మొత్తుకున్నా సరే.

ఇది ఏ కంపెనీ చెప్పింది కాదు, నేను పెట్టుకున్న హద్దు. సేటు నవ్వుతుండె. "యాదమ్మ తొట్టికి తాయెత్తు కడుతున్నది" అని గిరాకీలకు చూపెడుతుండె. నవ్వనీయ్ అనుకున్న. నవ్వితే అద్దం పగలదు కద.

గొడుగు పట్టుకొచ్చిన ఇంటాయన

కింది ఫ్రేము సంగతి కూడా చెప్పాలె, ఎందుకంటే ఈ తప్పు మన దిక్కు ఇంటింటికీ చేస్తరు.

మన దగ్గర లోకల్‌గ అతికించిన తొట్లకు ఫ్రేము ఉండది. ఉత్త అద్దం బల్ల మీద కూసుంటది కాబట్టి కింద థర్మకోల్ పరుస్తం. చిన్న ఇసుక రేణువు కింద పడ్డా అద్దం చిట్లుతది, థర్మకోల్ దాన్ని మింగుతది. మంచి పద్ధతే. గా పద్ధతి అందరికీ ఎంత అలవాటయిందంటే, ఫ్రేము ఉన్న తొట్టి కిందకు కూడా థర్మకోల్ తోసుడు మొదలుపెట్టిండ్రు. ఫ్రేము ఉన్న తొట్టిల అడుగు అద్దం బల్లకు ఆనది, ఫ్రేము లోపల జర పైకి నిలబడి ఉంటది. బరువంత అంచుల మీద. దాని కింద థర్మకోల్ పెడితే అది నడుమల పైకి ఉబికి, అడుగు అద్దాన్ని మోకాలితోని పొడిచినట్టు పొడుస్తది.

హైదర్‌గూడల మీది అంతస్తుల కిరాయికున్న ఒక సారు ఇంటికి మా దుకాణం నుంచే అట్లాంటి తొట్టి పోయింది. పెట్టి వచ్చినోడు అలవాటుగ థర్మకోల్ పరిచిండు. ఒక పగటిపూట సేటుకు ఫోన్ వచ్చింది. నేను పోయేసరికి అడుగు అద్దం నడుమల చీలి ఉన్నది, కింది ఇంటాయన గొడుగు పట్టుకొని మెట్లెక్కి వస్తున్నడు.

"అమ్మా, నా హాల్ల వాన పడ్తున్నది. మబ్బు మాత్రం ఎక్కడా లేదు!"

ఆ సారు చేపలను బకెట్ల పట్టే పనిల ఉన్నడు. తడి నేల మీద ఉత్త కాళ్ళు, పక్కనే మోటరు ప్లగ్గు బోర్డుల అట్లనే ఉన్నది. నేను చేపల దిక్కు చూడలె. మెట్ల కాడ ఉన్న కరెంటు మెయిను బంద్ చేసినంకనే ఆ ఇంట్ల అడుగు పెట్టిన. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: తొట్టి పగిలిన ఇంట్ల గాజు కంటే ముందు కరెంటు కరుస్తది.

ఆ దినం నుంచి ఫ్రేము ఉన్న తొట్టి కింద థర్మకోల్ కనపడితే, అది ఎవరి ఇల్లయినా, తీపిచ్చే దాక చాయ్ కూడా తాగలె.

అశోక్‌నగర్ బడి

ఇప్పుడు అసలు సంగతి. నా కొలువు పోయిన కథ ఇదే.

అశోక్‌నగర్‌ల ఒక ఇంటి కింది భాగంల సరళ మేడం అని ఒకామె చిన్న పిల్లల బడి తెరుస్తున్నది. ఉయ్యాల, రంగురంగుల చాపలు, గోడల మీద బొమ్మలు. ఎవరో ఇల్లు ఖాళీ చేసుకుంట అమ్మితే పొడుగు తొట్టి ఒకటి కొన్నది. పై ఫ్రేము అడ్డపట్టీ ఇరిగి ఉన్నది. సేటు దగ్గరికి పంపింది. ఎప్పటిలెక్కనే "అయితదా?" "అయితది." "రేపు ఓపెనింగ్." "ఇయ్యాలనే పెట్టిస్త."

నేను అప్పుడు వేరే ఇంట్ల పని మీద ఉన్న. తిరిగి వచ్చేసరికి సేటు తనే చిటికెల అతికే గమ్ము పెట్టి పట్టీని అతికించి, మీద నల్ల రంగేసిండు. చూస్తే కొత్తదే అనిపిస్తది. తొట్టిని బడికి తోలి, నీళ్ళు పట్టనీకి నన్ను రమ్మన్నడు.

పోయిన. తొట్టి ఒక పొట్టి బల్ల మీద పెట్టి ఉన్నది. పిల్లల కండ్లకు అందాలె కద. దాని ముందట, చెయ్యి చాపితే అందేంత దూరంల, పిల్లలు కూసునే చాప. రేపటి సంది పొద్దంత ఆ చాప మీద చిన్న పాణాలు ఉంటయి. చాప మీద ఏనుగు బొమ్మ ఉండె, ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది.

బడిల పనిచేసే ఆయమ్మ పోశమ్మ పైపు తెచ్చి ఇచ్చింది. నేను అగ్గిపుల్లలు అతికించి దారం కట్టిన. సేటు నవ్వుకుంట మేడంతోని, "మా యాదమ్మ తాయెత్తు" అన్నడు. మేడం కూడా నవ్వింది. నీళ్ళు పట్టుడు మొదలుపెట్టిన.

సగం కూడా నిండలె. సందు పోయింది. దారం అద్దానికి ఆనింది.

పైపు తీసిన.

"ఏమైంది?" అన్నడు సేటు.

"దారం ఆనింది."

"దారం వదులైంది, మళ్ళ కట్టు."

మళ్ళ కట్టనీకి లేదు, అద్దం అప్పటికే ఉబ్బి ఉన్నది. అయినా వేలుతోని దారాన్ని మీటి చూపెట్టిన. తీగ లెక్క బిగుసుకొని ఉన్నది. సేటు నన్ను పక్కకు తీస్కపోయి పండ్ల నడుమకెల్లి అన్నడు: "ఇజ్జత్ తియ్యకు. ఊర్ల అందరూ ఇట్లనే అతికిస్తరు. ఎన్ని పగిలినయి చెప్పు?"

"నేను కట్టినయి పగల్లె. వేరేటోళ్ళయి నాకు తెల్వది."

"నింపు."

"నింపను సేటు."

ఆ మాట ఆయనకు నేను ఎన్నడూ చెప్పలె. ఆయన మొఖం చూస్తే, అది మనుషులు చెప్పే మాట అని కూడా ఆయనకు తెల్వదేమో అనిపించింది.

మేడం దగ్గరికొచ్చింది. ఆమె చెడుగ మాట్లాడలె, విసుగు మీద ఉన్నది అంతే. పిల్లల అమ్మానాయినలకు చేపలున్నయని చెప్పుకున్నది పాపం. "మీ ఇద్దరి కొట్లాట నాకు వద్దు. ఒక్కటే మాట చెప్పండి. ఇది పగుల్తదా, పగలదా?"

"పగలదు" అన్నడు సేటు. ఎంత ధీమాగ అన్నడంటే, ఆ గొంతు వింటే నేను కూడా నమ్ముదును.

మేడం నా దిక్కు తిరిగింది.

"తెల్వదు" అన్న.

"తెల్వదా? మరెందుకు ఆపినవ్?"

"తెల్వదు కాబట్టే ఆపిన మేడం. పగుల్తదని తెలిస్తే మీరే ఆపుదురు, నేనెందుకు?"

సేటు పకపక నవ్విండు. "విన్నరా? దానికే తెల్వదట!" పైపు తనే అందుకొని తొట్టిల వేసిండు. నేను ఆ పైపు ఇంకో కొసను నల్లా నుంచి ఊడదీసిన. నోటితోని గుంజి, నీళ్ళు బయటి మోరీల పడేటట్టు ఇడిచిపెట్టి, ఆ పక్కనే నేల మీద బాసింపట్ట వేసుకొని కూసున్న. నీళ్ళు దిగినంత సేపు ఆయన తిట్టిండు. ఆ పైపుల నీళ్ళు ఎంత మెల్లగ పోతయో ఎరికేనా మీకు? తిట్లు మాత్రం జోరుగ వస్తయి. నా అమ్మను అన్నడు, నాయినను అన్నడు, మా ఊరి చెరువును కూడా ఇడిచిపెట్టలె. పోశమ్మ అక్క వచ్చి, నీళ్ళు గడప దిక్కు మర్లకుండ చీపురు పట్టుకొని నా పక్కన నిలబడ్డది. ఆమె ఒక్కతే ఆ దినం నా దిక్కు నిలబడ్డది.

తొట్టి ఖాళీ అయింది. అప్పుడు లేచి, ఆ అతికించిన పట్టీని రెండు వేళ్ళతోని పట్టుకొని మెల్లగ వంచిన. టప్పుమన్నది. సేటు రంగేసిన కాడనే ఇరిగింది. నీళ్ళున్నప్పుడు ఆ పని చెయ్యలె, ఎవరూ చెయ్యొద్దు. అద్దం మీద బరువు లేనప్పుడే పట్టీని ముట్టాలె.

"ఇగ నింపుకోండి" అన్న.

"రేపటి సంది దుకాణానికి రాకు" అన్నడు సేటు.

"రాను."

రేపటికి చేపలు లేవు అన్న దుఃఖమే మేడం మొఖంల ఉండె. నాకు దండలెయ్యలె, దండం పెట్టలె, పెడతదని నేను చూడనూ లేదు. నేను నా దారం విప్పుకొని ఇంటికొచ్చిన.

మా ఆయన సంగతి విన్నడు. "మొత్తానికి ఒక ప్లాస్టిక్ ముక్కకు కొలువు అమ్ముకున్నవ్" అన్నడు. "అమ్ముకోలె, ఇరగ్గొట్టుకున్న" అన్న. అన్నం పెట్టిన. ఇద్దరం తిన్నం.

పాత ఫ్రేము ఎట్ల ఇప్పాలె

పోశమ్మ అక్క కొన్ని దినాలకు మా గల్లీకి వచ్చింది. ఓపెనింగ్ నాడు మేడం ఖాళీ తొట్టిల కాగితం చేపలు కత్తిరించి దారానికి వేలాడగట్టిందట. పిల్లలు వాటికే అటుకులు వేసిండ్రట. "మేడం నీ ఇల్లు అడుగుతున్నది. ఆ తొట్టిని సక్కగ చెయ్యమంటున్నది" అన్నది. "సేటుకే చెప్పొచ్చు కద?" అని నేనంటే, "ఆమెకు నీ 'తెల్వదు' మీదనే నమ్మకం కుదిరినట్టుంది" అన్నది.

మా ఆయనే ట్రాలీల తెచ్చిండు. ఇగ పిల్లలూ, ఇది జర మనసు పెట్టి చదువుండ్రి.

తొట్టిని కదిలించే ముందు గులకరాళ్ళు, నీళ్ళు అన్నీ తీసెయ్యాలె. వేలెడు నీళ్ళు కూడా మిగలొద్దు, నడుస్తుంటే అవి అటిటు ఊగి అంచును గుద్దుతయి. ఇద్దరు పట్టాలె, అడుగు కింద చేతులు పెట్టి పట్టాలె. ఫ్రేము పట్టుకొని లేపినోడు ఒకనాడు ఫ్రేముతోనే మిగుల్తడు. కాళ్ళకు బూట్లు, చేతులకు మందం గ్లవ్స్, కండ్లకు అద్దాలు. నేను మొదట్ల ఇవేం లేకుండ చేసిన అంటే అది గొప్ప కాదు, నసీబు.

ఫ్రేమును పీకొద్దు. పీకినావా, ప్లాస్టిక్‌తో పాటు అద్దం అంచు పెచ్చు లేచి వస్తది. కొయ్యాలె. సన్న బ్లేడు ప్లాస్టిక్‌కు అద్దానికి నడుమ దూర్చి, సిలికాన్‌ను రొట్టె కోసినట్టు కోసుకుంట పోవాలె. రానికాడ ఫ్రేమునే కటింగ్ ప్లేయర్‌తోని ముక్కలు చెయ్యాలె. అది ఎట్లా పోయేదే, దాని మీద జాలి ఎందుకు? మూలల్ల అద్దానికి అద్దానికి నడుమ ఉన్న సిలికాన్ మాత్రం ముట్టొద్దు. తొట్టి పాణం అంత అక్కడనే ఉన్నది.

ఫ్రేము పోయినంక అంచు పొడుగూతా దూది తోముకుంట పోవాలె. ఎక్కడ దూది పోగు పట్టుకుంటదో అక్కడ పెచ్చో చీలికో ఉన్నట్టు. వేలుతోని చూడొద్దు, దూదికి నెత్తురు రాదు. అద్దంల చీలిక దొరికితే ఆ పని అక్కడికే ఖతం. కొత్త ఫ్రేము అనేది ఇరిగిన ఫ్రేముకు మందు, పగిలిన అద్దానికి కాదు. దాని మీద ఫ్రేము తొడిగితే చీలిక దాగుతది, పోదు.

మేడం తొట్టికి దూది ఎక్కడా పట్టుకోలె. నాకు పాణం లేచొచ్చింది.

పాత సిలికాన్ మొత్తం గీకి, స్పిరిట్‌తోని తుడిచి, ఆరబెట్టిన. పాత సిలికాన్ మీద కొత్తది అంటదు. అంటినట్టు నటిస్తది, నీళ్ళు పడ్డంక ఊడుతది. బాత్రూంలకు వాడే, బూజు పట్టకుండ మందు కలిపినది వాడొద్దు, చేపలు చస్తయి. ఉత్త సిలికాన్, చేపల తొట్లకు అని రాసున్నదే వాడాలె, పూస్తుంటే పచ్చళ్ళల్ల పోసే సిర్కా, గదే వెనిగర్, లెక్క వాసన కొడుతది. కొత్త ఫ్రేము అదే కొలతది తెప్పించి, అడ్డపట్టీతో సహా తొడిగి, టేపు బిగించి ఇడిచిపెట్టిన. ఎన్ని దినాలు అని అడగొద్దు. ట్యూబు మీద రాసినన్ని దినాలు, ఆ మీద సిర్కా వాసన పోయేదాక. వానకాలం అయితే ఇంకా ఎక్కువ. గిరాకీ తొందర సిలికాన్‌కు తెల్వది.

ఒక మాట మరవకుండ్రి: నీళ్ళున్న తొట్టికి, అద్దానికి కడుపొచ్చినంక, పట్టీ అతికించొద్దు. ఆ కడుపును అట్లనే కట్టేసినట్టయితది.

ఆఖరికి మా వాకిట్ల, సమంగ ఉన్న బండ మీద పెట్టి దారం కట్టిన. కొంచెం పోసి ఆగిన, మళ్ళ కొంచెం పోసి ఆగిన. గల్లీల ఆడోళ్ళందరూ వచ్చి చూస్తున్నరు. "చేపలు లేకుండ నీళ్ళను చూసుడు ఏందే?" అని ఒకామె నవ్వింది. నిండింది. సందు సన్నబడ్డది, కానీ ఉన్నది. కొన్ని దినాలు అట్లనే నీళ్ళతోని ఉంచిన. రోజూ పొద్దుగాల ముగ్గేసి, ఆ సందు చూసి, అప్పుడు చాయ్ పెట్టుకున్న.

బడిల పెట్టే దినం, బల్ల మీద ఎవరో అలవాటుగ పరిచిన థర్మకోల్ తీపిచ్చిన. బల్లను గోడకు ఆనిచ్చి, చాపను వెనకకు గుంజిపిచ్చిన. "ఇప్పుడు పగలదు కద?" అని మేడం అడిగింది. "పగలకుండ నాకు తెల్సినదంత చేసిన. అయినా పిల్లలను దాని మీద వాలనియ్యకుండ్రి" అన్న. ఆ బడి నడిచినన్నాళ్ళు తొట్టి నడిచింది. నా పని కూడా మా వాకిట్లనే నడిచింది. నారాయణగూడ దిక్కు మళ్ళ చూడలె.

బర్కత్‌పుర

కానీ సేటు నన్ను ఇడిచిపెట్టలె. ఎక్కడ ఎదురైనా, పెండ్లిల గానీ, కూరగాయల బండి కాడ గానీ, ఒకటే మాట: "ఆ తొట్టి పగిలేది కాదు యాదమ్మా." పగలని తొట్టికి సాక్ష్యం ఏముంటది? నేను ఆపినందుకు పగలలేదో, అసలే పగలకపోతుండెనో, దేవునికే ఎరుక. పిల్లలూ, ఈ పనిల మీరు సరిగ్గ చేసినప్పుడు ఏమీ కాదు. ఏమీ కానిదాన్ని చూపెట్టి ఎవరినీ గెలవలేరు. గెలుద్దామనుకునేటోళ్ళు ఈ పనికి రావొద్దు.

మొన్న సేటు కోడలు ఫోన్ చేసింది. "మామయ్య ఒకసారి రమ్మంటున్నడు అత్తమ్మా." బర్కత్‌పురల వాళ్ళ ఇల్లు. దుకాణం ఎప్పుడో మూసిండ్రు. సేటు మోకాళ్ళు పట్టుకపోయి కుర్చీల కూసున్నడు. మనవరాలికని పాత తొట్టి ఒకటి కొన్నడట. ఆ పిల్ల మంచం పక్కనే పెట్టిండ్రు, పండుకొని చేపలను చూడాలెనట.

"పైపు తయారుగుంది. ఒక్కసారి నీ తాయెత్తు కట్టి చూడు" అన్నడు సేటు.

నేను కండ్లద్దాలు పెట్టుకున్న. ఫ్రేము ఒక మూల జర లేచి ఉన్నది. కోడలితోని ఆ మూల కాడ ఫ్రేము సందులకు దూది తోమిపిచ్చిన, నా వేళ్ళు వంగవు కద. దూది పట్టుకున్నది. బ్యాటరీ లైటు కొట్టి చూస్తే, ఫ్రేము కింద దాగి ఎంటికంత సన్న చీలిక.

"దీనికి దారం అక్కర్లేదు సేటు. ఇది నీళ్ళకు పనికిరాదు."

"ఎంటికంత కూడా లేదు. నడుస్తది."

"నడవది."

"పగుల్తదా మరి?"

"తెల్వదు."

ఆయన కుర్చీల ముందుకు వంగి చేతికట్టె నేల మీద కొట్టిండు. "అప్పుడూ తెల్వదన్నవ్, ఇప్పుడూ తెల్వదంటున్నవ్! ఇన్నేండ్లల ఏం నేర్చుకున్నవే నువ్వు?"

"గదే నేర్చుకున్న సేటు."

ఆయన నా దిక్కు చూసిండు. మంచం దిక్కు చూసిండు. దిండు మీద మనవరాలి బొమ్మ ఒకటి పడి ఉన్నది. కోడలు ఏం చెయ్యాల్నో తెల్వక పైపు చేతుల పట్టుకొని నిలబడ్డది.

"చాయ్ తాగుతవా?" అన్నడు.

"పైపు తీసినంక తాగుత."

సేటు చేతికట్టె పక్కకు పెట్టి కోడలితోని అన్నడు: "తియ్యమ్మా. ఆ తొట్టిని బాల్కనీల పెట్టు, మట్టి పోసి కొత్తిమీర వేసుకో." ఆమె పైపు చుట్టి తీస్కపోయింది. చాయ్ వచ్చింది. తాగిన. చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి గొంతు వినపడ్డది.

"అయినా ఆ అశోక్‌నగర్ తొట్టి పగిలేది కాదు, చెప్తున్న."

"కాదేమో" అన్న. గేటు దాటే ముందు, పైపు నిజంగనే నల్లా నుంచి ఊడదీసిండ్రా లేదా అని ఒకసారి తొంగి చూసిన.